చేప కనబడకపోతే

గొడుగు, రైలు, ఇంకోటి. ఆ ఇంకోటి ఏమిటో ఛాయాదేవికి మొన్నటి నుంచీ రావడం లేదు. రాకపోతే మానె, పల్లకీ పంపి పిలిపించుకోవడానికి అదేమన్నా రాణీగారా అనుకుంటూ కారుని కంకర మీద నిలబెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి జాకెట్ కుడి జేబులో వేసుకుంది. కుడి జేబు, కుడి జేబు అని లోపల్లోపలే అనుకుంది, పెదాలు కదలకుండా, ఎందుకంటే పక్క సీట్లో తమ్ముడు ఫణి కూర్చుని ఉన్నాడు, వాడు చూస్తున్నాడు. చూడనట్టు చూస్తున్నాడు. వాడి చూపుల సంగతి ఆవిడకి తెలియనిదా, వాడి ముక్కు తుడిచి పెంచిన మనిషి. నిన్న సాయంత్రం డెన్వర్‌లో విమానం దిగి, కారు రెంట్ చేసుకుని, ఆ బోడి మైదానం అంతా డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి "ఊరికే చూసి పోదామని వచ్చానక్కా" అన్నాడు. అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా నుంచి కాన్సస్‌కి ఊరికే ఎవరొస్తారు? కాన్సస్‌కి ఊరికే వచ్చేది గాలి ఒక్కటే. వీణ్ణి పంపింది సాన్వి. కన్నకూతురు, దూరాన క్యారీ అనే ఊళ్ళో ఉంటుంది, ఫార్మా కంపెనీలో మంచి ఉద్యోగం, తల్లికి అబద్ధం చెప్పాల్సి వస్తే మాత్రం గొంతులో బెల్లంపాకం పోసుకుంటుంది. "మామయ్య వస్తున్నాడమ్మా, జస్ట్ నీతో టైమ్ స్పెండ్ చెయ్యడానికి, అంతే." అంతేట. ఆగస్టులో కూరగాయలకని పక్క ఊరికి బయల్దేరి, ఎక్కడో ఉత్తరాన పెట్రోలు బంకులో తేలి, ఇది ఏ ఊరు నాయనా అని అడిగితే పోలీసు కుర్రాడు ఇంటికి తెచ్చి దింపిన నాటి నుంచీ సాన్వికి నిద్ర లేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది, గడియారం బొమ్మ గీయమంది. గడియారం బాగానే గీసింది. మాటలే, రెండు వచ్చాయి, మూడోది రాలేదు. ఇక తీర్పు ఫణిది. ప్రతి శనివారం కొండల్లో నడిచే ఆ నడక అమ్మ ఒక్కతే సరిగ్గా నడిచి రాగలదా లేదా నువ్వే చూసి చెప్పు మామయ్యా, నువ్వేమంటే అది అని సాన్వి వాడి నెత్తిన పెట్టింది. రాగలదంటే ఇల్లు, కారు, ఈ కొండలు ఉంటాయి. రాలేదంటే ఇంటి ముందు అమ్మకం బోర్డు, క్యారీలో కింది గది, కిటికీలోంచి చూస్తే ఎదురింటి గరాజ్ తలుపు.

గేటు గొళ్ళెం తీసి, వాణ్ణి ముందు పోనిచ్చి, మళ్ళీ తనే వేసింది. ఆవులుంటాయి, గేటు వేయకపోతే పెద్ద తప్పిక్కడ. అది మరిచిపోలేదు, చూశావా. కాలిబాట కొంతదూరం నది పక్కనే పోతుంది. నది అంటే నది అని పేరు, అక్టోబరులో చీలమండ తడవడమే కష్టం, ఇసుకలో అక్కడో పాయ ఇక్కడో పాయ, గోదావరి చూసిన కళ్ళకి ఇది ఎవరో బిందె ఒలకబోసినట్టుంటుంది. అయినా ఆ ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు పసుపు తిరిగి, ఆకులు గలగలమంటూ, పాపం నది లేని లోటు చప్పుడుతో అవే తీరుస్తాయి. కాస్త నడిచాక నల్లటి పాత కర్రస్తంభం వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమ చెయ్యి పట్టుకుంటే లోయలోంచి పోయి, సుద్ద కొండలెక్కి, అటునుంచి చుట్టు తిరిగి, కుడి చేతి దారిన మళ్ళీ ఈ స్తంభం దగ్గరికే చేరతాం. బయల్దేరిన చోటికే రావడం, అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది. ఛాయాదేవి ఆగకుండా ఎడమకి తిరిగింది. అడుగులు చప్పుడయ్యేలా వేసింది కూడా, వెనక వాడికి వినపడాలని. తీరా చూస్తే వెనక వాడు లేడు. స్తంభం దగ్గరే వంగి ఉన్నాడు. "లేసు ఊడిందక్కా, నువ్వు పద, వస్తున్నా" అన్నాడు. లేసా, ఫోనా? ఎడమకి తిరిగింది, కరెక్ట్ అని సాన్వికి మెసేజ్ పెడుతున్నాడేమో. పెట్టనీ. ఒళ్ళు మండింది ఆవిడకి.

ఈ దారిలో ఆయన కూడా ఇలాగే వెనకబడేవాడు. శశికాంత్. డాక్టరుగారు, ఊరందరికీ డాక్ కాంత్, పేరులో సగమే పలికి మిగతాది పుణ్యానికి వదిలేసేవాళ్ళు. వీసా కోసం పల్లెటూళ్ళో మూడేళ్ళు పనిచెయ్యాలంటే చేసేసి పోదాం, ఆ తర్వాత న్యూజెర్సీ, ఐసెలిన్ దగ్గర ఇల్లు, వీధి చివర కరివేపాకు అని ఆశపెట్టి తీసుకొచ్చాడు. మూడేళ్ళయ్యాయి. ఆరయ్యాయి. సాన్వి కిండర్‌గార్టెన్‌లో చేరింది, ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో చేరింది, రక్తం చుక్కలు గాజుపలక మీద పరిచి ఊరంతటి జబ్బులూ ఆవిడే ముందు చూసేది, కానీ ఏ ఒక్కరి గుట్టూ నోరు దాటనిచ్చింది కాదు. ఒకసారి అడిగింది ఆయన్ని, ఐసెలిన్ ఎప్పుడండీ అని. ఈ రాళ్ళ మీదే, ఎక్కడో ఈ మలుపులోనే, ఆయన టోపీ తీసి తల తుడుచుకుంటూ, "ఇక్కడ నాకు ఆకాశం అలవాటైపోయింది ఛాయా" అన్నాడు. అంతే, ఆ మాటతో ఐసెలిన్ పోయింది, కరివేపాకు కుండీలోకి వచ్చింది. ఆయన పోయి ఐదేళ్ళు. లేక ఆరా. కుండీలో కరివేపాకు ఉందింకా, నీళ్ళు పోశానా పొద్దున? పోసే ఉంటాను. పోశాను, ఫణి కాఫీ తాగుతున్నాడు అప్పుడు. ఆయన వెనకబడేది పక్షుల కోసం. ఎప్పుడూ ఏదో ఒక పిట్టని చూస్తూ నిలబడిపోయేవాడు, ఈవిడేమో ముందు నడిచి, ఆగి, విసుక్కుని, మళ్ళీ నడిచి. విసుక్కోకుండా ఉండాల్సింది. నిలబడి ఆ పిట్టేదో తనూ చూడాల్సింది. ఇప్పుడు పిట్టలున్నాయి, చూపించే మనిషి లేడు, పేర్లు ఆవిడకి రావు.

దారి ఎక్కుడు మొదలైంది. గడ్డి పల్చబడి, కత్తుల్లాంటి ఆకుల పొదలు వచ్చి, ఆ పొదల మధ్య నేల తెల్లగా బయటపడింది. ఇంకాస్త పైకి పోతే అన్నీ తెలుపే, కొంచెం పసుపు కలిసిన తెలుపు, గాలికి అరిగి గోడలూ బురుజులూ అయిన సుద్ద. చేత్తో రాస్తే పొడి అంటుతుంది. ఒకప్పుడిక్కడ సముద్రమట, ఈ సుద్దలో చేపల ఎముకలు దొరుకుతాయి, మూరెడేసి చేపలు ఉన్నవి ఉన్నట్టు పడుకుని ఉంటాయి, ఊళ్ళో మ్యూజియంలో పెట్టారు. మొదటిసారి శశికాంత్ తీసుకొచ్చినప్పుడు ఛాయాదేవి ఆ గోడకి అరచెయ్యి ఆనించి, వాసన చూసి, ఏడ్చింది. ఏమైందని ఆయన కంగారుపడ్డాడు. ఏమవుతుంది, నిడదవోలులో మా ఇంటి వాసన అండీ అంది. నిజానికి ఒకటే వాసన కాదు, ఆ ఇంట్లో కిరసనాయిలు కూడా కలిసేది. నాన్న బ్రహ్మయ్య చాక్‌పీసులు చేసేవాడు. ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డాక ఎవరో చెబితే అచ్చులు కొని, మధ్యగదిలో దుకాణం పెట్టాడు. అచ్చు లోపలికి కిరసనాయిలూ వేరుశెనగనూనే కలిపి కుంచెతో పూయాలి, ప్లాస్టర్ పిండి నీళ్ళలో కలిపి గబగబా పోసెయ్యాలి, ఆలస్యమైతే గిన్నెలోనే గట్టిపడి కూర్చుంటుంది, పైన చాకుతో గీకాలి, ఆగి, ఓపిగ్గా అచ్చు విప్పాలి. విప్పడం ఛాయదే. నాన్న చేతికి విరిగేవి, ఛాయ చేతికి విరిగేవి కావు. నా తల్లి చేతిలో పట్టు ఉందే అనేవాడు. అమ్మ డాబా మీద తడికెల మీద ఆరబెట్టేది, మబ్బు పడితే చాలు ఇంటిల్లిపాదీ పరుగో పరుగు, అన్నం కంచాలు వదిలేసి మరీ. అందరి జుట్టూ తెలుపే, కనుబొమలూ తెలుపే, పండక్కి తలంటుకుంటే గాని నలుపని తెలిసేది కాదు. బళ్ళో ఫణిని సున్నంగాడు అనేవాళ్ళు. వాడికి కోపం వచ్చేది కాదు, ఏం పిల్లాడో, పిలిచారు కదా అని పలికేవాడు. ఆ సున్నంగాడు ఇప్పుడు నెరిసిన గడ్డంతో వెనకాల రొప్పుకుంటూ వస్తున్నాడు, మళ్ళీ ఎక్కడో ఆగాడు, మళ్ళీ లేసట.

వాడికి అప్పట్లో దారి గుర్తు నిలిచేది కాదు. ఒకటో తరగతి, బడి కాలవ అవతల. పొద్దున ఛాయే దింపేది, సాయంత్రం ఆవిడ హైస్కూలు వదిలేది ఆలస్యం కనక వాడు ఒక్కడే రావాలి. సోడాబండి వెనక పోయేవాడు, కోతినాడించే వాడి వెనక పోయేవాడు, ఒకసారి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వెనక రైలుగేటు దాటి పోయి ఆ పెళ్ళివారి పంక్తిలోనే కూర్చుని బూరెలు తింటూ దొరికాడు. అమ్మ వీపు మీద రెండు వేసింది. ఆ రాత్రి ఛాయకి ఉపాయం తోచింది. విరిగిన చాక్‌పీసులు ఇంట్లో గంపెడు. తెల్లారి వాడి చెయ్యి పట్టుకుని బడికి పోతూ, మలుపు మలుపుకీ గోడ మీద ఓ చేప గీసింది, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో, మూతి ఇంటివైపు ఉండేలా. చేప మూతి ఎటుంటే అటు రా. అంతే, ఆ రోజు నుంచి వాడు తప్పలేదు. ఓ శాస్తుర్లుగారి భార్య మాత్రం గొడవపెట్టుకుంది, ఆచారంగల కొంప, వ్రతాలు చేసుకునే గోడ మీద చేపలేమిటే పిల్లా, బొత్తిగా భయం భక్తి లేకుండా అని. ఛాయ ఆవిడ గోడ మీద తోక చెరిపేసి మామిడికాయ చేసింది. ఆవిడ సంతోషించింది, తొడిమ పెట్టమంది కూడా. ఫణి ఆ మామిడికాయనీ చేపగానే చదువుకున్నాడు. ఒకటే భయం ఉండేది ఆవిడకి, వాన. వానొస్తే చేపలు పోతాయి. అందుకని వాడికి ఒక మాట నేర్పింది, రోజూ అప్పజెప్పించుకునేది. చేప కనబడకపోతే ఏం చేస్తావురా? కదల్ను. మరేం చేస్తావు? ఉన్నచోటే కూర్చుంటా. అప్పుడు? నువ్వొస్తావు. అన్నంత పనీ అయింది ఓసారి, బడి వదిలే వేళకి కుండపోత. హైస్కూలు గేటులోంచి ఛాయ పరిగెత్తిన పరుగు ఇప్పటికీ కాళ్ళకి గుర్తుంది. వీధులన్నీ ఏకమై పారుతున్నాయి. పోస్టాఫీసు మూల, అరుగు మీద, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని తడిసి ముద్దయి కూర్చున్నాడు వాడు. ఎదురుగానే ఇంటికి పోయే సందు. నలుగురు వచ్చి ఇంటికి దింపుతాం రా బాబూ అన్నారట, రానన్నాడట. ఏడవలేదు కూడా. "చేప లేదుగా" అన్నాడు అక్కని చూసి, అదేదో మామూలు విషయంలాగా. ఏడ్చింది ఛాయే.

కొండ మీద గాలికి చాటుగా ఒక సుద్దగోడ నీడ ఉంది, ఎప్పుడూ అక్కడే తింటారు. పులిహోర డబ్బా తీసింది. ఫణి వచ్చి కూలబడ్డాడు, కుడిచేతి వేళ్ళు తెల్లగా ఉన్నాయి, చిన్నప్పటిలాగే. "ముందు చేతులు కడుక్కోరా" అంది, సీసాలోంచి నీళ్ళు పోసింది. తింటూ ఎటో చూస్తున్నాడు. కింద లోయ అంతా కనబడుతోంది, నది వెంట పసుపు గీతలా చెట్లు, ఎక్కడో పాకుతున్న లారీ. వీడు చెప్పేస్తే బావుణ్ణు, నేనిందుకొచ్చానక్కా అని. పోనీ తనే అడిగేస్తే? అడిగితే ఏడుపొస్తుంది, ఏడిస్తే అదొక మార్కు తగ్గుతుంది. గొడుగు, రైలు. గొడుగు, రైలు. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పిన మాటల్ని ఈవిడ తెలుగులో దాచుకుంది, అదే పొరపాటేమో, తెలుగులో దాచుకున్నవి ఇక్కడ అడిగితే చటుక్కున పైకి రావు. ఫణి నోట్లోంచి ఏదో తీసి వేలి మీద పెట్టుకున్నాడు. "గింజ" అన్నాడు. "ఎప్పుడూ అంతే నువ్వు, నిమ్మకాయ గింజలు తియ్యవు." ఆవిడ డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిమ్మకాయ. గొడుగు, రైలు, నిమ్మకాయ. పొద్దున తన చేతుల్తో కోసి, పిండి, ఆ చేతి వాసన ఇంకా పోలేదు, ఆ మాట కోసమే దారంతా దేవుళ్ళాడుతూ వచ్చింది. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏమిటక్కా అన్నాడు. ఏం లేదురా, తిను అంది. ఒక్క క్షణం లోకమంతా సర్దుకున్నట్టే అనిపించింది, తనకేం కాలేదు, వయసు, అంతే, అందరికీ ఉండేదే.

తిన్నాక దిగుడు. దిగుడు మధ్యలో ఎండిన వాగు ఒకటి అడ్డొస్తుంది, అక్కడ మళ్ళీ దారి చీలుతుంది. గాలిమర ఉన్న వైపు పోవాలి. పాత గాలిమర, తుప్పు పట్టింది, కింద పశువుల తొట్టి. వాగు దగ్గరికొచ్చి తలెత్తి చూసింది. గాలిమర లేదు. అటు లేదు, ఇటు లేదు. రెండు దారులూ తెల్లగా, ఒకే రకంగా, కవలపిల్లల్లా పడుకుని ఉన్నాయి. పడగొట్టారా? గాలివానకి పడిపోయిందా? లేకపోతే అసలు గాలిమర ఇక్కడిది కాదా, ముందు చీలిన చోటిదా, శశికాంత్ ఎక్కడ నిలబడి చూపించాడు? ఆయన టోపీ కనబడుతోంది, ఆయన వేలు కనబడుతోంది, వేలు చూపించే వైపు మాత్రం కనబడటం లేదు. సీసా తీసి నీళ్ళు తాగింది, దాహం లేదు. మూత మెల్లగా బిగించింది. వెనక ఫణి నిలబడ్డాడు, ఏమీ అనడు, వాడి ఫోనులో మ్యాప్ ఉంటుంది, నీలంచుక్క వాడికి అన్నీ చెబుతూనే ఉంటుంది. అనొచ్చుగా, ఒక్క దగ్గు దగ్గొచ్చుగా. ఎంతసేపు నిలబడతావు, నిలబడ్డ కొద్దీ తెలిసిపోతుంది, ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళు ఒక్క పొరపాటు రిపోర్టు ఇవ్వని మనిషివి, నడు. ఎడమకి నడిచింది. నడుస్తుంటే మొదట బాగానే ఉంది, ఆ పొద తెలుసు, ఆ రాయి తెలుసు, తెలుసు తెలుసు అనుకుంటూ నడిచింది. ఏ రాయి మాత్రం ఏ రాయిలా ఉండదు కనక. మలుపు తిరిగేసరికి ముళ్ళకంచె. దారి లేదు. కంచె అవతల ఎర్ర ఆవులు మేత ఆపి, ఈవిడెవరు పాపం అన్నట్టు చూశాయి.

ఛాయాదేవి కంచె స్తంభం పట్టుకుని నిలబడింది. తిరిగి చూడలేదు. "నాకు తెలుసురా నువ్వెందుకొచ్చావో" అంది ఆవుల వైపే చూస్తూ.

"నీకు తెలుసని నాకూ తెలుసక్కా."

"తప్పని అక్కడే తెలుసు కదా నీకు. చెప్పలేదేం? పరీక్షలో కాపీ కొట్టనివ్వకూడదనా?"

"పరీక్షా లేదు, పాడూ లేదు. నువ్వు నడుస్తుంటే నీ వెనక నడిచాను. చిన్నప్పటి నుంచీ అంతేగా. నీకు ముందు నడవడం నాకు చేతకాదు" అన్నాడు ఫణి.

వెనక్కి తిరిగారు. వాగు దగ్గర వాడు మళ్ళీ ఆగాడు, ఈసారి ఆవిడ ఎందుకని అడగలేదు, కుడిచేతి దారి పట్టుకుని తలొంచుకుని నడిచింది. కొంతదూరంలో గాలిమర కనబడింది, ఉన్నచోటే ఉంది, చక్కగా తిరుగుతోంది, కిర్రుకిర్రుమంటూ. ముందు చీలికదీ కాదు, తర్వాత మలుపుది. ఎవరూ పడగొట్టలేదు. ఆవిడే దాన్ని మనసులో ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళి పెట్టుకుంది. ఇలా ఇంకెన్ని మోశానో, ఇంట్లో ఏవేవి ఎక్కడెక్కడ పెట్టానో. నిజం చెప్పాలంటే వాగు దగ్గర ఇది మొదటిసారి కాదు. వేసవిలో ఓసారి ఈ కంచె దాకానే వచ్చింది, ఇంకోసారి చీకటి పడే దాకా గాలిమర కింద తొట్టి గట్టున కూర్చుంది, ఏ వైపు లేవాలో తోచక. ఆ రోజు చివరికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది, దారి చూపించే మనిషని పేరు పడ్డాక? నిడదవోలులో వీధివీధికీ తన చేపలుండేవి. ఆ చేపలు వాడి కోసం అనుకుంది గాని, పొద్దున్నే వాటిని గీసుకుంటూ పోయే ఆ పిల్ల ఎంత గర్వపడేది, ఊరంతా తన చేతిలో ఉన్నట్టుండేది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది, ఏ అరుగు మీద కూర్చుంది, దాన్ని వెతకడానికి ఎవరు పరిగెత్తాలి?

నది చప్పుడు కాదు గాని ఆకుల చప్పుడు వినపడింది. చెట్ల నీడలోకి వచ్చారు. చివరి మలుపు తిరగ్గానే నల్ల కర్రస్తంభం, దాని దగ్గర దారులు. పొద్దున ఇటునుంచి పోయారు, ఇప్పుడు అటునుంచి వస్తున్నారు, అన్నీ తిరగబడి ఉన్నాయి. కారు ఎటు? గేటు ఎటు? నది కుడిచేతి వైపుండాలా ఎడమచేతి వైపుండాలా? ఫణి ఇంకా వెనకే ఉన్నాడు. ఇక నటించే ఓపిక కూడా లేదు ఆవిడకి. ఉన్నచోటే నిలబడిపోయింది, చేతులు వదిలేసి. అప్పుడు చూసింది స్తంభం మీద. నల్లకర్ర మీద తెల్లగా, మోకాలి ఎత్తున, కిందకి వంగి గీసినట్టు, ఓ చేప. తోక వంకర. ఒక్క గీతలో రాలేదు, రెండుసార్లు చెయ్యి ఎత్తినట్టు తెలుస్తోంది. కన్ను పెట్టాడు, ఆవిడ ఎప్పుడూ పెట్టేది కాదు. మూతి ఎడమకి ఉంది. ఎడమన, చెట్ల సందులోంచి, గేటు, గేటు అవతల ఆవిడ నీలం కారు.

తిరిగి వాడి కాళ్ళకేసి చూసింది. బూట్లకి అసలు లేసులే లేవు. కాలు దూర్చి పోయే రకం.

"ఎన్ని గీశావురా?"

"దారి చీలిన చోటల్లా. స్తంభం లేని చోట నల్లరాయి వెతుక్కున్నా" అన్నాడు ఫణి, మిగిలిన చాక్‌పీసు ముక్క జేబులో వేసుకుని, తెల్ల వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంటూ. "తోక కుదరలేదక్కా. నీలా రాదు నాకు."

"వానొస్తే పోతాయి."

"పోతే మళ్ళీ వచ్చి గీస్తా."

విమానం ఎక్కి, కారు రెంట్ చేసుకుని, మైదానమంతా దాటి, వాన పడ్డప్పుడల్లా. అన్నాడంటే చేస్తాడు కూడా, పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్న మొండివాడు వాడు. పొద్దున్నుంచీ వీణ్ణి తప్పులు పట్టేవాడనుకుంది. సిగ్గేసింది, సంతోషం వేసింది, రెండూ కలిసి కళ్ళలోకి వచ్చాయి, తుడుచుకోలేదు. చేప ఉన్నంత మాత్రాన ఏమవుతుంది, చేప మూతి ఎటుంటే అటు పోవాలని కూడా మరిచిపోయే రోజు వస్తే? వస్తుంది. గాజుపలక మీద రక్తం చుక్కలో వచ్చేది ముందుగా చూడటం ఆవిడకి కొత్తా? గేటు దాటి, గొళ్ళెం వేసి, కారు దగ్గరికి వచ్చి కుడిజేబులో చెయ్యి పెట్టింది. తాళంచెవి ఉంది. వేళ్ళతో కాసేపు అలా పట్టుకుని, బయటికి తీసి, వాడి చేతిలో పెట్టింది.

"నువ్వు నడుపు" అంది. "సాన్వికి నువ్వేం చెప్పక్కర్లేదు, నేనే చెప్తా. చలి ముదరకముందే వస్తానని."

ఫణి తాళంచెవి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇది అడగడానికే వచ్చినవాడు, తీరా చేతికి వచ్చాక పట్టుకోలేకపోతున్నాడు. "అక్కడ ఈ కొండలుండవక్కా" అన్నాడు చివరికి.

"ఉండవు. ఎదురింటి గరాజ్ తలుపే."

"దాని మీద గీస్తాలే."

"ఎదురింటివాళ్ళు ఊరుకోరురా."

"ఊరుకోకపోతే తోక చెరిపేసి మామిడికాయ చేస్తా. తొడిమ కూడా పెడతా."

నవ్వుతూనే ఆవిడ ఎడమవైపు చూసుకుని, కాదని చుట్టూ తిరిగి వచ్చి, కుడి తలుపు తీసి కూర్చుంది. ఈ కారులో ఇటువైపు ఎప్పుడూ కూర్చోలేదు. ఇక్కడి నుంచి చూస్తే లోయ ఇంకోలా ఉంది, సుద్దకొండలు కాస్త వెనక్కి జరిగినట్టున్నాయి. అద్దంలోంచి గాలి వస్తోంది, ఒళ్ళో వేళ్ళకి ఇంకా నిమ్మకాయ వాసన, సుద్ద వాసన. ఫణి సీటు వెనక్కి జరుపుకుని, బెల్టు పెట్టుకుని, ఇంజను స్టార్ట్ చేశాడు. బ్రేకు తియ్యలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఆవిడ వైపు చూడకుండా, ముందుకే చూస్తూ అన్నాడు.

"ఎప్పుడైనా చేప కనబడకపోతే కదలకక్కా. ఉన్నచోటే కూర్చో. నేనొస్తా."

"అట్లాంటా నుంచి నువ్వొచ్చేసరికి చీకటి పడుతుందిరా."

"పడనీ. కూర్చునే ఉండు."

"కదల్నులే" అంది ఛాయాదేవి.